పాచికలతో పోరు: రోల్ ప్లేయింగ్ ఆటలో పోరాట నియమాల గణితం



సంభావ్యత అనే అధ్యాయాన్ని మీరంతా పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. నాణెం ఎగరవేయడం, సంచిలోంచి ఎర్రబంతి తీయడం వంటి లెక్కలు చేసే ఉంటారు. ఈ పాఠంలో అదే గణితాన్ని ఒక ఆటలోని పోరాట నియమాలకు అన్వయించి చూద్దాం. ఆ ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో వెలువడిన ఈ ఆటతోనే రోల్ ప్లేయింగ్ ఆటలు అనే కొత్త కోవ మొదలైంది.

ఈ ఆటను నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ, ఇలా ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరిస్తారు. ఒకరు మాత్రం ఏ వీరుడి పాత్రా ధరించరు. కథ నడపడం, శత్రువుల తరఫున పాచికలు వేయడం, తగవు వస్తే తీర్పు చెప్పడం వారి పని. ఆయన్ని డంజియన్ మాస్టర్ అంటారు. కథ చాలావరకు మాటలతోనే సాగుతుంది. కత్తి దూసిన క్షణం నుంచి మాత్రం నియమాలు, పాచికలు రంగంలోకి వస్తాయి.

మన ముందున్న సమస్య ఇది. ఆట కొత్తగా మొదలుపెట్టిన ఒక యోధుడు ఒంటరిగా చిక్కుకున్నాడు. అతని ప్రాణబలం 12. ఎదురుగా గోబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు నలుగురు ఉన్నారు. అతడు ఒక చేత కత్తి, మరో చేత డాలు పట్టవచ్చు. లేదా డాలు వదిలేసి, రెండు చేతులతో ఎత్తవలసిన పెద్ద ఖడ్గం పట్టవచ్చు. ఏది పట్టాలి? అసలు నిలబడి పోరాడాలా, వెనక్కి తగ్గాలా? ఊహతో కాక లెక్కతో జవాబు చెప్పడమే మన లక్ష్యం.

1. చదరంగం నుంచి పాచికల దాకా

ఈ ఆట మూలాలు మన దేశం దాకా వస్తాయి. చతురంగం ఇక్కడ పుట్టి, పారశీకం, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరింది. చదరంగంలో ఒక పావు మరో పావు ఉన్న గడిలోకి వెళ్తే ఆ రెండో పావు చచ్చినట్లే. అందులో సందేహానికి తావు లేదు. నిజమైన యుద్ధం అలా ఉండదు కదా!

1780లో జర్మన్ ప్రాంతమైన బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే పండితుడు చదరంగాన్ని విస్తరించి ఒక యుద్ధక్రీడను తయారుచేశాడు. తర్వాత ప్రష్యాలో రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు దాన్ని మరో మెట్టు ఎక్కించారు. కొడుకు 1824లో ప్రచురించిన నియమాల్లో మూడు ముఖ్యాంశాలున్నాయి. గడుల పలకకు బదులు నిజమైన పటం, ఫలితం తేల్చడానికి పాచిక, ఇరుపక్షాల మధ్య ఒక న్యాయనిర్ణేత. ప్రష్యా సైన్యం దీన్ని తన అధికారుల శిక్షణకు వాడింది.

1971లో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనే ఇద్దరు అమెరికన్లు మధ్యయుగపు యుద్ధాల ఆటకు ‘చెయిన్‌మెయిల్’ అనే నియమావళి రాశారు. అదే కాలంలో మిన్నెసోటా రాష్ట్రంలో డేవ్ ఆర్నెసన్ తన మిత్రులతో, ఒక్కో ఆటగాడు ఒక్కో వీరుణ్ణి నడిపే ఆట ఆడిస్తున్నాడు. ఒక్క పాచిక వేటుతో తాము మమకారం పెంచుకున్న వీరుడు చనిపోతే ఆటగాళ్లు సహించలేకపోయారు. అందుకని ఆర్నెసన్ నౌకాయుద్ధపు ఆటల్లోని ఒక పద్ధతిని తెచ్చుకున్నాడు. ఓడ ఒక్క గుండుకే మునగదు, దెబ్బలు తింటూ తింటూ మునుగుతుంది. మనిషికీ అలాంటి నిల్వ ఒకటి ఉంటే? అదే హిట్ పాయింట్లు. ఈ పాఠంలో దాన్ని ప్రాణబలం అందాం. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి 1974లో ప్రచురించిన మూడు చిన్న పుస్తకాలే డంజియన్స్ అండ్ డ్రాగన్స్.

ఆ తర్వాత నియమాలు అనేకసార్లు మారాయి. మనం ఇక్కడ 2014లో వచ్చిన అయిదవ కూర్పును అనుసరిస్తున్నాం. దాని మూల నియమాల పత్రాన్ని ప్రచురణకర్తలు 2023 జనవరిలో అందరూ ఉచితంగా వాడుకునే అనుమతితో విడుదల చేశారు. 2024లో సవరించిన పుస్తకాలు వచ్చినా, మనం చెప్పుకోబోయే పునాది సూత్రాలు మారలేదు.

2. దెబ్బ తగలడం అంటే ఏమిటి?

ఈ ఆటలో ప్రధానమైన పాచికకు 20 ముఖాలుంటాయి. దాన్ని డి20 అంటారు. అలాగే 6 ముఖాలది డి6, 8 ముఖాలది డి8.

పోరు మొదలవగానే ప్రతి ఒక్కరూ డి20 వేసి, తమ చురుకుదనపు అంకె కలుపుతారు. ఎక్కువ వచ్చినవారిది ముందు వంతు. అందరి వంతులూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు. కథలో అది 6 సెకన్లకు సమానం. తన వంతులో యోధుడు కొంత దూరం నడిచి, ఒక పని చేయవచ్చు. ఆ పని సాధారణంగా దెబ్బ కొట్టడమే.

దెబ్బ తగిలిందో లేదో తేల్చే నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. డి20పై పడిన అంకెకు కొట్టేవాడి నైపుణ్యం కలపాలి. ఆ మొత్తం ఎదుటివాడి రక్షణాంకానికి సమానమైనా, ఎక్కువైనా దెబ్బ తగిలినట్లు. రక్షణాంకాన్ని ఆటలో ఆర్మర్ క్లాస్ అంటారు.

మన యోధుడి నైపుణ్యం 5. గోబ్లిన్ రక్షణాంకం 15. అంటే పాచికపై 10 గాని, అంతకన్నా ఎక్కువ గాని పడాలి. 10 నుంచి 20 వరకు అనుకూల పర్యవసానాలు 11. మొత్తం పర్యవసానాలు 20.

దెబ్బ తగిలే సంభావ్యత = 11/20 = 0.55

రెండు మినహాయింపులున్నాయి. 1 పడితే ఎంత నైపుణ్యమున్నా తప్పినట్లే. 20 పడితే ఎంత కవచమున్నా తగిలినట్లే, పైగా గాయం చేసే పాచికలు రెట్టింపు వేయాలి.

3. ఒక్క అంకె విలువ ఎంత?

డి20పై ప్రతి అంకె పడే సంభావ్యతా 1/20. కాబట్టి నైపుణ్యం 1 పెరిగితే తగిలే అవకాశం 5 శాతం పెరుగుతుంది. అది ఎక్కడైనా అంతే. రెండు డి6లు వేసి కూడితే అలా ఉండదు. మొత్తం 7 రావడానికి 36లో 6 అవకాశాలుంటే, 12 రావడానికి ఒక్కటే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసినప్పుడూ ఇదే చూస్తాం. గవ్వ వెల్లకిలా, బోర్లా పడే అవకాశాలు సమానమనుకుంటే, రెండు వెల్లకిలా పడే అవకాశం 16లో 6, నాలుగూ వెల్లకిలా పడే అవకాశం 16లో 1. ఒకే పాచిక విభాజనం చదునైన మైదానం వంటిది. పాచికల మొత్తం విభాజనం మధ్యలో ఎత్తైన గుట్ట వంటిది. ఏ పాచిక వాడాలో నిర్ణయించినప్పుడే, అరుదైన ఘటనలు ఎంత అరుదుగా జరగాలో ఆట రచయిత నిర్ణయించినట్లు.

అయితే 5 శాతం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. గోబ్లిన్ నైపుణ్యం 4. గొలుసు కవచంతో మన యోధుడి రక్షణాంకం 16. గోబ్లిన్‌కు 12 గాని పైన గాని పడాలి, అంటే 9/20 లేదా 45 శాతం. డాలు పడితే రక్షణాంకం 18 అవుతుంది, తగిలే అవకాశం 35 శాతానికి దిగుతుంది. తగ్గినది 10 శాతమే అయినా, తగిలే దెబ్బల్లో అయిదో వంతుకు పైగా తగ్గాయి. అదే డాలు, తగిలే అవకాశం 15 శాతమే ఉన్నచోట దాన్ని 5 శాతానికి దించితే మూడింట రెండు వంతుల దెబ్బలు తప్పినట్లే. కవచం గట్టిగా ఉన్నవాడికి ఇంకొంచెం కవచం ఎక్కువ లాభం.

4. రెండు పాచికల సానుకూలత

2014 కూర్పు తెచ్చిన ఒక చక్కని నియమం ఉంది. శత్రువు కింద పడి ఉన్నప్పుడు పక్కనుంచి కొడితే, లేదా అతనికి కనబడకుండా కొడితే అది సానుకూల స్థితి. అప్పుడు డి20 రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. ప్రతికూల స్థితిలో చిన్న అంకె తీసుకోవాలి.

దీన్ని పూరక ఘటనతో లెక్కిద్దాం. ఒకసారి తప్పే సంభావ్యత 9/20. రెండు పాచికలూ స్వతంత్రాలు కాబట్టి రెండూ తప్పే సంభావ్యత 81/400. కనుక తగిలే సంభావ్యత 319/400, దాదాపు 80 శాతం. 55 నుంచి 80కి పెరిగింది! ఇది నైపుణ్యం 5 పెరిగినంత లాభం.

మరి ఎప్పుడూ ఇంతే లాభమా? ఒక పాచికతో తగిలే సంభావ్యతను ‘స’ అనుకుంటే, లాభం స(1 − స) అవుతుంది. స = 1/2 అయినప్పుడు ఇది గరిష్ఠం, 25 శాతం. 20 పడితే తప్ప తగలని కష్టమైన దెబ్బకు లాభం 4.75 శాతమే. తప్పక తగిలే దెబ్బకూ అంతే. సందేహం ఎక్కువగా ఉన్నచోటనే రెండో అవకాశానికి విలువ ఎక్కువ.

5. తగలడం వేరు, పడగొట్టడం వేరు

గోబ్లిన్ ప్రాణబలం 7. మన యోధుడి పొడవు కత్తి చేసే గాయం డి8 + 3, సగటున 7.5. డి20పై 20 పడితే రెండు డి8లు + 3, సగటున 12. తప్పిన దెబ్బలనూ కలుపుకొని ఒక్కో దెబ్బ సగటు గాయం:

(10/20 × 7.5) + (1/20 × 12) = 3.75 + 0.60 = 4.35

ఇక్కడే చాలామంది పొరపడతారు. 7ను 4.35తో భాగిస్తే 1.6 వస్తుంది కాబట్టి ఒకటిన్నర దెబ్బల్లో గోబ్లిన్ పడిపోతాడనుకుంటారు. అది నిజం కాదు. ఎందుకో చూడండి.

మామూలు దెబ్బతో 7 గాయం కావాలంటే డి8పై 4 గాని పైన గాని పడాలి, సంభావ్యత 5/8. 20 పడినప్పుడు ఆ సంభావ్యత 61/64. రెండూ కలిపితే, ఒకే దెబ్బతో గోబ్లిన్ కూలే సంభావ్యత 0.36. గాయపడి నిలిచే సంభావ్యత 0.19. అసలు తగలకపోయే సంభావ్యత 0.45. ఒకసారి గాయపడితే తర్వాత ఏ దెబ్బ తగిలినా చాలు, ఎందుకంటే ప్రతి దెబ్బా కనీసం 4 గాయం చేస్తుంది. ఆ రెండో దెబ్బ కోసం సగటున 1/0.55 అంటే 1.82 ప్రయత్నాలు కావాలి. కాబట్టి మొత్తం ప్రయత్నాల సగటు:

(1 + 0.19 × 1.82) ÷ 0.55 = దాదాపు 2.45

1.6 కాదు, 2.45! తేడా ఎక్కడినుంచి వచ్చింది? ప్రాణబలం 1 మిగిలిన శత్రువును 10 గాయంతో కొడితే 9 వృథా. సగటు ఆ వృథాను కూడా లెక్కలో కలుపుకుంటుంది, శత్రువు మాత్రం కలుపుకోడు. సగటు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోరాదని ఇందుకే అంటారు.

6. డాలా, పెద్ద ఖడ్గమా?

పెద్ద ఖడ్గం గాయం రెండు డి6లు + 3, సగటున 10. గోబ్లిన్‌ను ఒకే దెబ్బతో కూల్చే సంభావ్యత 0.51. పై పద్ధతిలోనే లెక్కిస్తే ఒక్కో గోబ్లిన్‌కు సగటున 1.96 ప్రయత్నాలు చాలు.

ఇక గోబ్లిన్ దెబ్బల సంగతి. అతని గాయం డి6 + 2. తప్పిన దెబ్బలు కూడా కలుపుకొంటే, డాలు లేని యోధుడికి ఒక్కో ప్రయత్నానికి సగటున 2.65 నష్టం. డాలు ఉంటే 2.10.

యోధుడిది ముందు వంతు అనుకుందాం. ఒక్క గోబ్లిన్‌తో పోరులో, అతడు కూలేలోపు యోధుడి దెబ్బల కన్నా ఒకటి తక్కువగా కొడతాడు.

కత్తి, డాలుతో: 1.45 × 2.10 = 3.0 నష్టం
పెద్ద ఖడ్గంతో: 0.96 × 2.65 = 2.5 నష్టం

ఆశ్చర్యంగా లేదూ? డాలు వదిలేసినవాడికే తక్కువ నష్టం. శత్రువును త్వరగా కూల్చడం కూడా ఒక రకమైన రక్షణే. అయినా తేడా అర పాయింటు మాత్రమే. ఆటగాళ్లు గంటల తరబడి వాదించుకునే ఆయుధాల ఎంపిక ఇక్కడ తెచ్చిన మార్పు ఇంతే.

7. సంఖ్యాబలం, స్థానబలం

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. శత్రువులు ‘న’ మంది అనుకోండి. ప్రాణబలం 1 మిగిలిన గోబ్లిన్ కూడా, 7 ఉన్నవాడంత బలంగానే కొడతాడు. కాబట్టి ఇద్దరిని సగం సగం గాయపరిస్తే వచ్చే లాభం సున్నా. ఒకణ్ణి పూర్తిగా కూల్చాకే రెండోవాడి వైపు తిరగాలి. అలా ఒక్కొక్కరినీ కూల్చడానికి సగటున 2.45 దెబ్బలు పడితే, అందరూ కూలేలోపు గోబ్లిన్లు చేసే ప్రయత్నాల మొత్తం:

న(న + 1)/2 × 2.45 − న

మొదటి న సహజ సంఖ్యల మొత్తం ఇక్కడ ఎందుకు వచ్చిందో గమనించారా? మొదట నలుగురు కొడతారు, తర్వాత ముగ్గురు, ఆ తర్వాత ఇద్దరు, చివర ఒక్కడు. యోధుడు చివరిదాకా నిలబడగలడని అనుకుని, డాలు పట్టినప్పటి నష్టాన్ని లెక్కిస్తే:

1 గోబ్లిన్: 3.0
2 గోబ్లిన్లు: 11.2
3 గోబ్లిన్లు: 24.5
4 గోబ్లిన్లు: 43.0

శత్రువుల సంఖ్య రెట్టింపైతే నష్టం రెట్టింపు కాలేదు, దాదాపు నాలుగు రెట్లయింది. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916లో ప్రచురించిన గ్రంథంలో యుద్ధాలలో సంఖ్యాబలం గురించి చెప్పిన వర్గ నియమం సారాంశం ఇదే. అందరూ అందరినీ కొట్టగలిగే పోరులో బలం సంఖ్యకు కాదు, సంఖ్య వర్గానికి అనులోమంగా ఉంటుంది.

నలుగురితో పోరులో పెద్ద ఖడ్గం పడితే నష్టం 41. 43కూ 41కీ ఏమంత తేడా? ప్రాణబలం 12 ఉన్నవాడికి రెండూ మరణమే.

మరో మార్గం ఉంది. యోధుడు వెనక్కి తగ్గి, ఒక ఇరుకు గుమ్మంలో నిలబడ్డాడనుకోండి. గోబ్లిన్లు విల్లులు వాడకుండా కత్తులతోనే వస్తే, ఒక్కసారికి ఒక్కడే కొట్టగలడు. అప్పుడు నలుగురి ప్రయత్నాల మొత్తం 4 × 2.45 − 1 = 8.8. నష్టం 18.4. ఆయుధం మార్చితే 43లో 2 తగ్గింది. నిలబడే చోటు మార్చితే 25 తగ్గింది! వర్గ నియమం కాస్తా సరళ నియమంగా మారిపోయింది. స్థానబలం అని పెద్దలు అనే మాటకు ఇది అంకెల్లో అర్థం.

అయినా 18.4 అనేది 12 కన్నా ఎక్కువే. కనుక నలుగురు ఎదురైతే, ఒంటరి యోధుడు గుమ్మంలో కూడా నిలవకుండా తప్పుకోవడమే మేలు. ఇద్దరే అయితే గుమ్మంలో సగటు నష్టం 8.2, కాబట్టి నిలబడవచ్చు. ఇది సగటు మాత్రమే అని మరవకండి. అదృష్టం బాగోలేని రోజున ఆ ఇద్దరే 12కు మించి నష్టం చేయవచ్చు.

8. మరణం అంచున

ప్రాణబలం సున్నాకు చేరిన యోధుడు సాధారణంగా వెంటనే చనిపోడు, స్పృహ తప్పి పడతాడు. ఆపై ప్రతి వంతులో డి20 వేయాలి. 10 గాని పైన గాని పడితే ఒక గెలుపు, లేకుంటే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందు వస్తే నిలకడ, మూడు ఓటములు ముందు వస్తే మరణం. 1 పడితే రెండు ఓటములు. 20 పడితే 1 ప్రాణబలంతో లేచి కూర్చుంటాడు.

ఎవరి సాయమూ అందకుండా, మరో దెబ్బ తగలకుండా ఉంటే, ఈ దశలన్నీ లెక్కించగా బతికే సంభావ్యత 59.5 శాతం వస్తుంది. అంటే పడిపోయిన ప్రతి అయిదుగురిలో ఇద్దరు దక్కరు. ఒక్క పాచికతో తేల్చకుండా ఇన్ని దశలు పెట్టడంలో ఒక ఉద్దేశం ఉంది. ఆ రెండు మూడు రౌండ్లలో మిత్రుడు వచ్చి కాపాడే వ్యవధి దొరుకుతుంది. ఆర్నెసన్ మిత్రులు కోరుకున్నదీ అదే కదా!

సారాంశం

మహాభారతంలోని నలోపాఖ్యానంలో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడికి, ఋతుపర్ణుడు అక్షహృదయమనే విద్య నేర్పుతాడు. దానికి ముందు అతడు ఒక తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే గణించి చెబుతాడు. పాచికల రహస్యం లెక్కలో ఉందన్న ఎరుక ఆ కథలోనే కనిపిస్తుంది.

మన లెక్కలు తేల్చినవి మూడు. సగటు ఒక్కటే చాలదు, దెబ్బలు ఎలా పంచుకుంటాయో చూడాలి. రెండో అవకాశం విలువ, సందేహం ఎక్కువగా ఉన్నచోట ఎక్కువ. నియమాల పుస్తకంలోని ఆయుధాల పట్టిక కన్నా, ఎంతమంది ఒకేసారి కొట్టగలరు అన్న చిన్న ప్రశ్న ఫలితాన్ని ఎక్కువగా శాసిస్తుంది. నియమాన్ని చదివితే అది ఏం చెబుతుందో తెలుస్తుంది. లెక్కవేస్తేనే అది ఏం చేస్తుందో తెలుస్తుంది.

సాధన కోసం

1. రక్షణాంకం 18 ఉన్న శత్రువుకు మన యోధుడి దెబ్బ తగిలే సంభావ్యత ఎంత? సానుకూల స్థితిలో ఎంత?
(జవాబు: 40 శాతం, 64 శాతం)

2. సానుకూలత వల్ల లాభం స(1 − స) అని నిరూపించండి. ప్రతికూలత వల్ల నష్టం కూడా అంతే అని చూపండి.

3. అయిదుగురు గోబ్లిన్లతో మైదానంలో పోరాడితే, డాలు పట్టిన యోధుడికి సగటు నష్టం ఎంత? గుమ్మంలో ఎంత?
(జవాబు: దాదాపు 66.5, 23.6)

4. ఓగర్ అనే మహాకాయుడి ప్రాణబలం 59. ఇతని విషయంలో ప్రాణబలాన్ని సగటు గాయంతో భాగిస్తే వచ్చే జవాబు, గోబ్లిన్ విషయంలో కన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది. ఎందుకో మీ మాటల్లో వివరించండి.